ఇటలీలోని బొలోనియాకు చదువుకు వెళ్తున్నారా? మొదటి రెండు నెలలు ఒళ్లు దగ్గర పెట్టుకోండి

సెప్టెంబరులో దిగేవాళ్లకు బొలోనియా చూడగానే నచ్చేస్తుంది. 1088లో మొదలైందని చెప్పుకునే యూనివర్సిటీ, పాతబస్తీలోనే 38 కిలోమీటర్ల పొడవున సాగే కమాను వరండాలు, ఏడు దాటినా ఇంకా వెలుతురు. ఆ సంబరంలో రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి. తర్వాత పడే తిప్పలు చాలావరకు ఆ రెండు వారాల్లో చేయకుండా వదిలేసిన పనులవే.

ముందు సూట్‌కేసు సంగతి. అమ్మ కట్టిచ్చిన చికెన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా తీసి పక్కన పెట్టండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తేకూడదు. పచ్చి కరివేపాకుదీ అదే గతి, ఎండబెట్టి పొడి చేసుకోండి. ఆవకాయ, కందిపొడి పర్లేదు. ఇంట్లో వాళ్లు "ఎవరు చూస్తార్రా" అంటారు. చూస్తారు, చెత్తబుట్టలో వేస్తారు. బియ్యం, పప్పులు మోయక్కర్లేదు, స్టేషన్ అవతల బొలొన్యీనా పేటలో బంగ్లాదేశీ, పాకిస్తానీ కొట్లున్నాయి. రోజూ వేసుకునే మందులుంటే మాత్రం డాక్టరు చీటీతో సహా తెచ్చుకోండి.

దిగిన 8 పనిదినాల్లోగా పెర్మెస్సోకి, అంటే నివాస అనుమతికి, అప్లై చేయాలి. జెట్‌లాగ్, ఓరియెంటేషన్ అనుకుంటూ కూర్చుంటే ఈ గడువు దాటిపోతుంది. పోస్టాఫీసులో 'స్పొర్తెల్లో అమీకో' కౌంటర్‌లో అప్లికేషన్ ఫారాలు, కవరు ఉన్న కిట్ ఉచితంగా ఇస్తారు. 'టి' అక్షరం బోర్డున్న పొగాకు కొట్లో 16 యూరోల రెవెన్యూ స్టాంపు కొనాలి. అన్ని ఫీజులూ కలిపి వంద యూరోలు దాటుతుంది, ఆ డబ్బు విడిగా ఉంచుకోండి. కవరు అంటించకుండా తెరిచే తీసుకెళ్లండి, లోపలి కాగితాలు గుమాస్తా చూడాలి. నేను చక్కగా గమ్ రాసి తీసుకెళ్లి, అక్కడే చింపి మళ్లీ లైన్లో నిలబడ్డాను. గుమాస్తా ఇచ్చే రసీదే కార్డు వచ్చేదాకా మీకు ఆధారం. కార్డుకి నెలలు పడుతుంది. రసీదుని ఫొటో తీసి ఇంటికి కూడా ఒక కాపీ పంపండి.

పన్ను కోడ్, 'కోదిచె ఫిస్కాలె', మన పాన్ లాంటిది. ఖర్చేం లేదు. అది లేకుండా అద్దె ఒప్పందం రాయించుకోవడం కష్టం, కాబట్టి గది వెతికే ముందే తీసుకోండి.

అసలు టెన్షన్ గదిదే. బొలోనియాలో విద్యార్థులు ఎక్కువ, గదులు తక్కువ. ఈ కొరత చూసుకునే మోసగాళ్లు దిగుతారు. "నేను లండన్‌లో ఉన్నాను, రెండు నెలల అద్దె పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అని మెసేజ్ వస్తుంది. ఫొటోల్లో గది మెరిసిపోతుంటుంది, అద్దె మాత్రం మిగతావాటిలో సగం. గది కళ్లతో చూడకుండా, లేదా నమ్మకమైనవాళ్లు వెళ్లి చూసి రాకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు. రెండు వారాలకు హాస్టల్ బుక్ చేసుకుని వచ్చి వెతుక్కోవడమే మేలు. ఇంకో సంగతి, కొందరు ఓనర్లు "కాంట్రాక్టు లేకపోతే యాభై తగ్గిస్తాను" అంటారు. ఆశపడొద్దు. ప్రాంతీయ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో బయటి ఊరి విద్యార్థికి ఇచ్చే పెద్ద మొత్తం రావాలంటే కనీసం పది నెలల అద్దె ఒప్పందం పన్నుల ఆఫీసులో రిజిస్టరై ఉండాలి. నెలకు యాభై మిగిలిందనుకుంటే అక్కడ వేలల్లో పోతుంది.

గ్రౌండ్ ఫ్లోర్, సెల్లార్ గదులకు అద్దె తక్కువని మురిసిపోకండి. 2023 మేలో, 2024 అక్టోబరులో ఈ ప్రాంతాన్ని వరదలు ముంచెత్తాయి. రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు సెల్లార్‌లోకి దిగొద్దు.

గది దొరికాక వంట. ఇక్కడి ఇళ్లకు మామూలుగా 3 కిలోవాట్ల కరెంటు కనెక్షనే ఉంటుంది. నా మొదటి ఆదివారం వాషింగ్ మెషిన్ తిరుగుతుండగా రైస్ కుక్కర్ పెట్టి, టీకి కెటిల్ నొక్కాను. టక్. ఇల్లంతా చీకటి. మీటర్లు మెట్ల కింద ఉంటాయని తెలియక లుంగీలోనే తడుముకుంటూ దిగాను. పక్కింటి పెద్దావిడ టార్చితో వచ్చి మీట పైకెత్తి, నా వైపు చూసి "ఉనా కోజా అల్లా వోల్తా" అంది. ఒక్కోసారి ఒక్కటే అని. నేను నేర్చుకున్న మొదటి ఇటాలియన్ వాక్యం అదే. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి సాకెట్లో దూరదు, అడాప్టర్ తెచ్చుకోండి. తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవండి.

టికెట్ కొంటే సరిపోదు, కొట్టించాలి కూడా. రీజినల్ రైలు కాగితం టికెట్‌ని ప్లాట్‌ఫాం మీది యంత్రంలో పెట్టి తేదీ ముద్ర వేయించుకుని ఎక్కాలి. నేను రవెన్నా వెళ్తూ కొన్న టికెట్‌ని భద్రంగా పర్సులో దాచుకున్నాను. టీసీ నవ్వుతూనే ఫైన్ రాశాడు. బస్సులోనూ ఎక్కగానే టికెట్ కొట్టించడం అలవాటు చేసుకోండి. సైకిలు చవగ్గా ఇస్తానని రోడ్డు మీద ఎవరైనా అంటే అది ఎవరిదో కొట్టేసిందే. కొన్నవాడూ కేసులో ఇరుక్కుంటాడు.

ఆరోగ్యానికి ప్రభుత్వ పథకంలో చేరితే విద్యార్థికి ఏడాదికి 700 యూరోలు. ఆ ఏడాది లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకానే. అక్టోబరులో కడితే మూడు నెలలకే అయిపోతుంది. అందుకే చాలామంది డిసెంబరు దాకా ప్రైవేట్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొస్తారు. అత్యవసరమైతే 112.

చలి సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. హీటర్లు అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా, రోజుకు గరిష్ఠంగా 14 గంటలే వేయాలని రూల్. మందపాటి జాకెట్ ఇక్కడే కొనండి, మనూళ్లో కొన్నది ఈ చలికి ఆనదు. తడి బట్టలు గదిలో ఆరేసి కిటికీలు బిగించేస్తే గోడకు నల్లటి బూజు పడుతుంది, అడ్వాన్సులోంచి కోసేస్తారు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇండియాతో తేడా మూడున్నర నుంచి నాలుగున్నర గంటలవుతుంది. క్లాసు అయ్యేసరికి అమ్మ నిద్రపోయి ఉంటుంది, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. ఆ వారాల్లోనే చాలామంది గదిలో ముడుచుకుపోతారు. మధ్యాహ్నం ఎండలో అరగంట నడవండి, ఇంటికి పొద్దున్నే ఫోన్ చేయండి, దిగులు మరీ పట్టేస్తే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్లండి.

క్రిస్మస్ సెలవుల్లో ఇంటికి వెళ్లాలనిపిస్తుంది. వీసా గడువు తీరి చేతిలో పెర్మెస్సో రసీదు మాత్రమే ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా టికెట్ తీయకండి. ఆ రసీదుతో ఇతర షెంగెన్ దేశాల, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల, మీదుగా పోనివ్వరు. యాభై యూరోలు ఎక్కువైనా దోహానో దుబాయో చూసుకోండి.