ముందు ఇరుసు కొనేటప్పుడు రెండు అంకెలూ చూడండి

మౌంటెన్ బైక్‌కి ముందు చక్రం కొందామనుకునే వాళ్లకి నేను మొదట చెప్పే మాట: 110 అన్న ఒక్క అంకె చూసి డబ్బులు కట్టకండి. నేను కట్టాను. నా ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే భాగం, 15×110. అమ్మినవాళ్లు "110 హబ్" అన్నారు (హబ్ అంటే ఇరుసు దూరే చక్రం మధ్య భాగం), అది చాలనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే అది 20×110. కన్నం పెద్దదే కదా, లోపల తొడుగు వేసి 15కి తగ్గిస్తే సరిపోతుందనిపించింది. వేశాను. వెడల్పు సరిపోయింది కానీ, బ్రేక్ రోటర్ (హబ్ పక్కనుండే డిస్క్ పళ్లెం) మాత్రం దాన్ని నొక్కి ఆపే కాలిపర్ సందులోకి దిగలేదు. సరిగ్గా 5 మిల్లీమీటర్లు లోపలికి ఉండి కాలిపర్‌కి గుద్దుకుని ఆగిపోయింది. ఎందుకలా అయిందో అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

మొదటి అంకె ఇరుసు లావు. రెండోది హబ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఉన్న వెడల్పు, అంటే ఫోర్క్ కాళ్ల మధ్య ఖాళీ. రెండూ మిల్లీమీటర్లలోనే. 15×110ని బూస్ట్ అంటారు. బూస్ట్‌లో పెరిగింది చివరల వెడల్పు ఒక్కటే కాదు. స్పోక్‌లు తగిలించే అంచులు దూరం జరిగాయి, రోటర్ కూడా 5 మి.మీ. బయటికి వెళ్లింది. స్పోక్‌లు ఎడంగా నిలబడతాయి కాబట్టి చక్రం పక్కకి తక్కువ వంగుతుంది. 29 అంగుళాల పెద్ద చక్రాలకి ఇది బాగా పనికొస్తుంది. పాత 20×110 డౌన్‌హిల్ బైకుల కోసం, అంటే నిటారు కొండ దిగే బైకుల కోసం వచ్చింది. దాని చివరలు 110 వెడల్పు ఉన్నా, రోటర్ స్థానం పాత 100 హబ్‌లదే. అందుకే అలాంటి హబ్‌లు చాలావాటిని ఎండ్ క్యాప్‌లు (హబ్ రెండు చివరలా తొడిగే మూతలు) మార్చి 15×100 చేసుకోవచ్చు కానీ, బూస్ట్ ఫోర్క్‌లో ఊరికే పెట్టలేం. దీనికితోడు కొత్త డౌన్‌హిల్ ఫోర్క్‌లకి 20×110 బూస్ట్ అని ఇంకోటి ఉంది. కాబట్టి అంకెలతో పాటు "బూస్టా, కాదా?" అని తప్పకుండా అడగండి.

మీ దగ్గర ఏముందో తెలియకపోతే చక్రం ఊడదీయండి. ఫోర్క్ కాళ్ల చివర తెరిచిన గాడిలా ఉండి, 5 మి.మీ. సన్నని కడ్డీ, లీవర్ కనిపిస్తే అది క్విక్ రిలీజ్, అంటే 9×100 (9 అనేది ఆ కడ్డీ దూరే బోలు ఇరుసు లావు). కాళ్లకి మూసిన కన్నాలుండి లావాటి ఇరుసు బయటికొస్తే అది త్రూ యాక్సిల్. వెర్నియర్‌తో దాని లావు కొలవండి, తర్వాత కాళ్ల మధ్య ఖాళీ కొలవండి. ఐదు నిమిషాల పని.

రాళ్ల దారుల్లో తొక్కేవాళ్లయితే కొత్తగా క్విక్ రిలీజ్ ఫోర్క్ తీసుకోవద్దనే నా మాట. డిస్క్ బ్రేక్ కాలిపర్ ఎడమ కాలికి వెనకవైపు ఉంటుంది. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు ప్యాడ్‌లు రోటర్‌ని పట్టుకుంటాయి, ఆ బలం ఇరుసుని గాడిలోంచి కిందికి నెడుతుంది. లీవర్ వదులుగా ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. మూసిన కన్నంలో ఇరుసుకి ఆ దారే లేదు. పైగా లావాటి ఇరుసు రెండు కాళ్లనీ ఒక్కటిగా బిగించి పట్టుకుంటుంది, హ్యాండిల్ తిప్పిన వైపే చక్రం తిరుగుతుంది. రాళ్ల మధ్య ఈ తేడా మొదటి రోజే చేతులకి తెలుస్తుంది. ఇప్పటికే క్విక్ రిలీజ్ ఉంటే టెన్షన్ పడకండి. లీవర్‌ని రోటర్ లేని కుడివైపు పెట్టుకోండి, మూసేటప్పుడు అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా ఉండాలి, తొక్కబోయే ముందు ప్రతిసారీ చూసుకోండి.

15×100 ఉన్నవాళ్లకి నా సలహా వేరు. మంచి చక్రం చేతిలో ఉంటే పారేయకండి. ఫోర్క్ మార్చి బూస్ట్‌కి వెళ్లినా దాన్ని వాడుకోవచ్చు. రెండు వైపులా 5 మి.మీ. స్పేసర్లు (ఖాళీ నింపే ఉంగరాలు), రోటర్ కింద ఇంకో 5 మి.మీ. స్పేసర్, దానికి తగిన పొడుగు బోల్టులు వేస్తే కుదురుతుంది. కొన్ని కిట్లలో మొత్తం 10 మి.మీ. కుడివైపే వేస్తారు. అప్పుడు రోటర్ తనంతట తానే సరైన చోటికి వస్తుంది కానీ, స్పోక్‌లు బిగించి, వదులు చేసి రిమ్‌ని 5 మి.మీ. జరపాలి. ఆ పని చేతనైతేనే అది కొనండి. బూస్ట్ చక్రాన్ని మాత్రం 100 ఫోర్క్‌లోకి దూర్చే మార్గం లేదు.

అంతా కొత్తగా కొనేవాళ్లు 15×110 బూస్ట్ తీసుకోండి, రేపు చక్రం వంకరపోతే ఇంకోటి దొరకడం సులువు. 20×110 డౌన్‌హిల్ బైకులకి, 15×150 బాగా లావు టైర్లుండే ఫ్యాట్ బైకులకి. అవి తొక్కేవాళ్లకి ఈ సందేహమే రాదు.

ఇంకో చిక్కు ఎండ్ క్యాప్‌లతో ఉంది. రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్క్‌లు కొన్నింటిలో టార్క్ క్యాప్స్ అనే పెద్ద ఎండ్ క్యాప్‌ల కోసం 31 మి.మీ. గుంటలుంటాయి. మామూలు 21 మి.మీ. క్యాప్ అందులో పనిచేస్తుంది కానీ, ఇరుసు దూర్చేదాకా చక్రాన్ని చేత్తో ఎత్తి పట్టుకోవాలి. పెద్ద క్యాప్ మాత్రం మామూలు ఫోర్క్‌లో పట్టదు. ఇరుసు కూడా ఫోర్క్ తయారీదారుదే కొనండి, లావు ఒకటే అయినా పొడవు, మరలు వేరుగా ఉంటాయి.

బిగించే ముందు మరలు తుడిచి పలచగా గ్రీజు రాయండి, రోటర్‌కి మాత్రం అంటనివ్వకండి. ఇరుసు మీద న్యూటన్ మీటర్లలో అంకె ముద్రించి ఉంటే టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో చూపే పానాతో) అంతే బిగించండి. తర్వాత చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి. ప్యాడ్ రాసుకుంటున్న చప్పుడొస్తే కాలిపర్ బోల్టులు రెండూ కాస్త వదులు చేసి, బ్రేక్ నొక్కి పట్టుకుని మళ్లీ బిగించండి.