ల్యాబ్ ఓవెన్ కంట్రోలర్‌లో హీటర్ అవుట్‌పుట్‌ను ఎలా సెట్ చేయాలి?

కొత్త కంట్రోలర్ బిగించగానే చాలామంది చేసే పని ఒకటే. సెట్ పాయింట్ (కావలసిన ఉష్ణోగ్రత) 105 డిగ్రీలు పెట్టి, ఆటో ట్యూన్ (కంట్రోలర్ తన సర్దుబాట్లు తానే చేసుకునే పద్ధతి) నొక్కి, టీకి వెళ్లిపోతారు. తిరిగి వచ్చేసరికి ఓవెన్ 130 చూపిస్తుంటుంది, లోపలి జీడిపప్పు నమూనా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. పలాస చుట్టుపక్కల తేమ పరీక్ష ఓవెన్ల దగ్గర ఈ దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పప్పు మాడితే తగ్గిన బరువంతా తేమ కాదు, ఆ పరీక్ష ఫలితం చెత్తబుట్టకే. తప్పు కంట్రోలర్‌ది కాదు. హీటర్‌కు ఎంత శక్తి ఇవ్వవచ్చో దానికి ఎవరూ చెప్పలేదు.

కావలసినవి మల్టీమీటరు, క్లాంప్ మీటరు, స్క్రూడ్రైవరు, కంట్రోలర్‌తో వచ్చిన పుస్తకం. మెయిన్ ఆపి టెర్మినల్ స్క్రూలన్నీ ఒకసారి బిగించండి. మన తీరంలో ఉప్పుగాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది. దాన్ని గీకకుండా బిగిస్తే ఆ చోటే వేడెక్కుతుంది.

మొదట సెన్సర్ రకం ఎంచుకోండి. పీటీ 100 (వేడికి నిరోధం పెరిగే ప్లాటినం సెన్సర్) అయితే తీగలు విప్పి కొలవండి. గది 30 డిగ్రీలుంటే దాదాపు 111.7 ఓములు రావాలి. థర్మోకపుల్ (రెండు లోహాల తీగల సెన్సర్) అయితే కంట్రోలర్‌కు కలిపి, కొనను పిడికిట్లో పట్టుకోండి, అంకె పెరగాలి. తగ్గితే తీగలు తారుమారైనట్టే. అలాగే వదిలేస్తే ఓవెన్ వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతుంది, హీటర్ ఆగదు. అవుట్‌పుట్ చర్యను ‘రివర్స్’గా ఉంచండి, వేడి చేయడానికి అదే, అంటే వేడి పెరిగేకొద్దీ అవుట్‌పుట్ తగ్గుతుంది.

ఇక అవుట్‌పుట్ గరిష్ఠ పరిమితి. కంట్రోలర్ హీటర్‌ను ఆన్, ఆఫ్ చేస్తూ సగటున అత్యధికంగా ఎంత శాతం శక్తి ఇవ్వవచ్చో చెప్పే అంకె ఇది. దీన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 100 శాతం వద్దే వదిలేస్తారు. నా దృష్టిలో తొంభై పాళ్లు గొడవలకు మూలం ఇదే.

మెయిన్ ఆపి, హీటర్ తీగలు విప్పి ఓములు కొలవండి. 230 వోల్టుల మీద 1000 వాట్ల హీటర్ దాదాపు 53 ఓములు చూపాలి. 13 చూపిస్తే ఆగిపోండి, అది 115 వోల్టుల హీటర్ కావచ్చు. అలాంటి దాన్ని 230కి కలిపి, ‘పరిమితి 25 శాతం పెట్టాం, లెక్క సరిపోయింది’ అనేవాళ్లను చూశాను. సగటు లెక్క సరిపోతుంది, తీగ మాత్రం సగటును చూడదు. కరెంటు వచ్చిన ప్రతి క్షణం పూర్తి 230 వోల్టులు, రెట్టింపు ఆంపియర్లు, నాలుగు రెట్ల శక్తి పడతాయి. పైగా ఎస్‌ఎస్‌ఆర్ (హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే) పాడైతే చాలాసార్లు ఆఫ్ కాకుండా, కరెంటు పారుతూనే ఉండేలా పాడవుతుంది. అప్పుడు మీరు పెట్టిన శాతానికి విలువే లేదు. అలాంటి హీటర్‌కు ట్రాన్స్‌ఫార్మరే పెట్టండి.

ఓములు సరిగా ఉంటే తీగలు మళ్లీ కలిపి, కంట్రోలర్‌ను మాన్యువల్‌కు మార్చి 20 శాతం ఇవ్వండి. ఇప్పుడు ఓపిక కావాలి. అంకె కదలడం మానేదాకా, రెండు గంటలైనా సరే, పక్కనే ఉండండి. తలుపు తెరవవద్దు. గది 30 ఉండి, ఓవెన్ 90 దగ్గర నిలిచిందనుకుందాం. 20 శాతానికి 60 డిగ్రీలు పెరిగింది, అంటే శాతానికి 3 డిగ్రీలు. 105 నిలబెట్టాలంటే 75 డిగ్రీలు పెరగాలి, 25 శాతం చాలు. దానికి రెండున్నర రెట్లు, అంటే 60 దగ్గర పరిమితి పెట్టండి. అంతకు మించనివ్వను. కాయిల్ ఎర్రబారితే, కంట్రోలర్ ఆపిన తర్వాత కూడా అందులోని వేడి గాలిలోకి వస్తూనే ఉంటుంది. 130 చూపించేది ఆ వేడే. అలాగని 30 పెట్టేసి పిసినారితనం చేయవద్దు. సాయంత్రం వోల్టేజీ 230 నుంచి 200కి పడితే శక్తి నాలుగింట మూడొంతులకు వస్తుంది, అప్పుడు 25 కాదు, 33 శాతం కావాలి. 30తో ఓవెన్ 105కు చేరదు.

సైకిల్ టైమ్, అంటే హీటర్ ఒకసారి ఆన్ అయి ఆఫ్ అయ్యే పూర్తి వ్యవధి, చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ రిలేలను తినేసేది ఇదే. రిలేకు 20 సెకన్లు, ఎస్‌ఎస్‌ఆర్‌కు 2. మామూలు రిలే పూర్తి లోడుపై సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. 2 సెకన్లు పెడితే గంటకు 1800 సార్లు, అంటే 55 గంటల్లో పని అయిపోతుంది. 20 పెడితే 550 గంటలు దాటుతుంది. నేనైతే రిలేతో హీటర్ నడపనే నడపను, ఎస్‌ఎస్‌ఆరే పెడతాను. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, 2 సెకన్లకు 100. ఒక్కో ఆవృత్తి ఒక్కో శాతమై చక్కగా పంచుకుంటుంది. కానీ ఒక హెచ్చరిక. అవుట్‌పుట్ సున్నా అని చూపుతున్నా ఎస్‌ఎస్‌ఆర్ గుండా కొద్దిగా కరెంటు కారుతుంది, హీటర్ టెర్మినల్ మీద టెస్టర్ వెలుగుతుంది. ఆ సున్నాను నమ్మి చెయ్యి పెట్టవద్దు, మెయిన్ ఆపండి.

ఇప్పుడే ఆటో ట్యూన్. రోజూ వాడే ట్రేలు లోపల పెట్టి, గాలి రంధ్రం రోజూ ఉండేంతే తెరిచి, 105 వద్దే చేయండి. నమూనాలు మాత్రం పెట్టవద్దు. ఖాళీ ఓవెన్‌లో తీసిన విలువలు నిండు ఓవెన్‌కు పనికిరావు. తర్వాత పరిమితి మార్చితే ట్యూన్ మళ్లీ చేయాలి, ఇది నా నియమం.

చివరగా, కంట్రోలర్‌తో సంబంధం లేని వేరే థర్మోస్టాట్ ఒకటి కాంటాక్టర్‌కు (హీటర్ కరెంటును తెంచే పెద్ద స్విచ్) ఉండి తీరాలి. దాన్ని 120 వద్ద పెట్టండి. ఓవెన్ వేడిగా ఉండగా కంట్రోలర్‌ను మాన్యువల్‌లో 20 శాతం మీద ఉంచి, థర్మోస్టాట్ నాబ్‌ను నెమ్మదిగా కిందికి తిప్పండి. కాంటాక్టర్ టక్కున పడి, హీటర్ తీగ మీది క్లాంప్ మీటరు సున్నాకు వచ్చి అక్కడే ఉండాలి. ఉంటేనే నాబ్‌ను మళ్లీ 120కి తెచ్చి నమూనా పెట్టండి.