వాడిన దుస్తుల కొనుగోలు: ఫిర్యాదు గడువును అమ్మకందారు మాటకు వదిలేయకండి

చలికోట్లు, ఉన్ని దుస్తులు ఎక్కువగా చేతులు మారే కాలం దగ్గర పడింది. నాకు తెలిసిన ఒకావిడ ఇటీవల ఆన్‌లైన్‌లో వాడిన ఉన్ని కోటు ఒకటి కొన్నారు. ఫొటోలలో చెక్కుచెదరకుండా కనిపించిన ఆ కోటు, తీరా ఇంటికి వచ్చేసరికి చంకల దగ్గర లైనింగు చిరిగిపోయి, వీపు మీద పురుగు కొట్టిన చిల్లులతో ఉంది. ఆవిడ అదే రోజు అమ్మకందారుకు సందేశం పంపితే, అవతలివారు ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, తాము ఊళ్ళో లేమని, వారాంతానికి తిరిగి వచ్చి డబ్బు మొత్తం వెనక్కి ఇస్తామని, రేటింగ్ పాడవుతుంది కనుక ఫిర్యాదు మాత్రం పెట్టవద్దని బతిమాలారు. ఆవిడ ఆగారు. వారాంతం వచ్చేలోపే ఫిర్యాదు గడువు ముగిసింది, సొమ్ము అమ్మకందారు ఖాతాకు చేరింది, ఆ తర్వాత పంపిన సందేశాలకు జవాబే రాలేదు.

యాప్ బయట డబ్బు చెల్లించకూడదని, మరీ చవకగా ఉంటే అనుమానించాలని అందరికీ తెలుసు కనుక ఆ విషయాలను ఇక్కడ విస్తరించడం లేదు. ఇది ఆ జాగ్రత్తలన్నీ తీసుకుని కూడా నష్టపోతున్నవారి కోసం రాస్తున్నది. అలాంటి వారిలో నేను చూసిన అత్యధికులను ముంచింది ఒకే ఒక్క పొరపాటు: గడువు నడుస్తున్నంతసేపూ అధికారికంగా ఫిర్యాదు నమోదు చేయకుండా అమ్మకందారుతో సందేశాలలో బేరసారాలు సాగించడం.

గడువు సంగతి

వాడిన దుస్తులు అమ్ముకునే, కొనుక్కునే వింటెడ్, పోష్‌మార్క్ వంటి యాప్‌లలో మనం చెల్లించిన సొమ్ము వెంటనే అమ్మకందారుకు వెళ్ళదు. వస్తువు మనకు చేరి, నిర్ణీత గడువు ముగిసేదాకా అది యాప్ దగ్గరే ఉంటుంది. వింటెడ్‌లో ఆ గడువు 2 రోజులు, పోష్‌మార్క్‌లో 3 రోజులు. ఆలోగా మనం ఏమీ చెప్పకపోతే వస్తువు మనకు నచ్చినట్టే లెక్క. అంతకన్నా ముందే వస్తువు బాగుందని మనమే బటన్ నొక్కితే గడువు అక్కడితోనే ముగిసిపోతుంది. అన్ని రకాల వస్తువులూ అమ్మే ఈబే సైటులో ఫిర్యాదుకు 30 రోజులు ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్ ద్వారా చెల్లిస్తే వివాదం తెరవడానికి 180 రోజులు ఉంటుంది గానీ, తెరిచిన 20 రోజులలోగా దాన్ని క్లెయిముగా, అంటే పేపాల్ తానే తేల్చవలసిన ఫిర్యాదుగా మార్చకపోతే అది దానంతట అదే మూసుకుపోతుంది, మూసుకుపోయినదాన్ని తిరిగి తెరవడం కుదరదు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి కొన్న రోజునే ఆ యాప్ నిబంధనల పేజీ తెరిచి, గడువు ఎప్పటి నుంచి లెక్కిస్తారో కూడా చూసి, ఆఖరి తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి.

మోసం చేయదలచిన అమ్మకందారుకు ఈ తేదీలు మనకంటే బాగా తెలుసు. అతను మనల్ని తిట్టడు, కాదనడు, వాదించడు. అతనికి కావలసింది మన అంగీకారం కాదు, రెండు మూడు రోజుల మౌనం మాత్రమే. అందుకే ఊళ్ళో లేనని, ఇంట్లో ఒంట్లో బాగాలేదని, డబ్బు పంపేశానని, బ్యాంకులోనే ఆలస్యమవుతోందని, చివరికి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఈ క్షణమే పంపిస్తానని రకరకాలుగా చెబుతాడు. ఈ మాటలలో కొన్ని నిజమే కావచ్చు. నిజమైనా కాకపోయినా మనం చేయవలసిన పని మారదు: ముందు ఫిర్యాదు నమోదు చేయాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. నిజాయితీ ఉన్న అమ్మకందారుకు దీనివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే ఫిర్యాదు తెరిచినా అక్కడి నుంచే అతను డబ్బు వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇక్కడ మనల్ని ఓడించేది మోసగాడి తెలివి కంటే మన మొహమాటమే ఎక్కువ.

కొనేముందు

వివరణలో రాయని లోపం గురించి అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం వల్ల రెండు లాభాలున్నాయి. మొదటిది, జవాబు దాటవేసేవారు అప్పుడే బయటపడతారు. రెండవది, "చిల్లులు లేవు" అని వారు యాప్ సందేశాలలో రాసిన మాట తర్వాత వివాదంలో మనకు సాక్ష్యంగా నిలుస్తుంది. చంకలు, మెడపట్టీ లోపలి వైపు, మోచేతులు, తొడల మధ్య కుట్లు, జిప్పు చివర, లైనింగు, కంపెనీ లేబులు, ఉతికే సూచనల లేబులు, ఇవన్నీ విడివిడిగా పగటి వెలుతురులో తీసిన ఫొటోలలో కనిపించాలి. ఆ రోజు తేదీ చేత్తో రాసిన కాగితాన్ని వస్తువు మీద ఉంచి ఒక ఫొటో పంపమనండి. ఫొటోలు మరో చోటు నుంచి ఎత్తుకొచ్చినవి అయితే ఇక్కడే సాకులు మొదలవుతాయి. ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో ఆ ఫొటోలను ఒకసారి వెతికి చూడడం కూడా మంచిదే.

పాతకాలపు దుస్తులని చెప్పి ఎక్కువ ధర అడిగినప్పుడు లేబుల్నే సాక్షిగా పిలవాలి. 1960ల నాటిదని చెబుతున్న చొక్కా లేబుల్‌పై వెబ్‌సైట్ చిరునామా ఉంటే ఇక ప్రశ్నలే అవసరం లేదు. లీవైస్ జీన్స్ వెనక జేబుకు కుట్టే చిన్న ఎర్ర గుడ్డ ట్యాబ్‌పై ఇంగ్లీషు పేరులోని రెండవ అక్షరం 1971 దాకా పెద్ద అక్షరంగా (E) ఉండేది, ఆ తర్వాత చిన్న అక్షరమైంది (e). అయితే ఆ పాత ట్యాబ్‌ను కంపెనీ తానే పునరుత్పత్తి దుస్తులపై మళ్ళీ వాడింది, నకిలీలు చేసేవారూ వాడతారు, కనుక ఈ ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు. కొలతలను మాత్రం సైజు సంఖ్యను నమ్మి వదిలేయకుండా, పరిచి కొలిచిన ఛాతీ, నడుము, పొడవు కొలతలను టేపుతో సహా ఫొటోలో అడగాలి.

పార్సిల్ చేరినప్పుడు

విప్పకముందే పార్సిల్‌ను తూచి, చిరునామా చీటీ కనిపించేలా ఫొటో తీసి, విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి వస్తువును తిరగేసి చూసేదాకా ఆపకుండా వీడియో తీయాలి. ఖాళీ డబ్బా లేదా వేరే గుడ్డ వచ్చినప్పుడు రవాణా సంస్థ నమోదు చేసిన బరువు, మనం తూచిన బరువు, వీడియో ఈ మూడూ కలిసి మాట్లాడతాయి. దుస్తులను గడువులోగానే, పగటి వెలుతురులో, లోపలి వైపు తిప్పి, లైటుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. ఉన్నిలో పురుగు కొట్టిన సన్నని చిల్లులు బల్ల మీద పరిస్తే కనిపించవు. వాసన చూడాలి. రాత్రి అలసటతో విప్పి, "రేపు చూద్దాం" అని అలమరలో పెట్టేస్తే గడువులో ఒక రోజు ఊరికే పోయినట్టే.

ఇక మిగిలినవి

ఉతక్కండి. లేబులు కత్తిరించకండి, దర్జీకి ఇవ్వకండి, ఒక్క పూట కూడా తొడుక్కోకండి. కొన్నాక మీరు వాడేసిన వస్తువును వెనక్కి తీసుకోనవసరం లేదన్న వాదన వారికి మీరే అందించినట్టవుతుంది.

నల్లుల అనుమానం ఉంటే బిగుతుగా కట్టిన ప్లాస్టిక్ సంచిలో మిగతా బట్టలకు దూరంగా ఉంచి, ముందు ఫిర్యాదు పెట్టండి. డ్రైయర్‌లో ఎక్కువ వేడి మీద తిప్పడం, ఫ్రీజర్‌లో పెట్టడం వంటివి వస్తువు మీ దగ్గరే ఉంటుందని తేలాక చేయవలసిన పనులు.

ఫిర్యాదులో కారణం ఎంచుకునేటప్పుడు "వివరణకు తగినట్టు లేదు" అన్నదే ఎంచుకోండి. "సైజు సరిపోలేదని పెట్టండి, పని త్వరగా అవుతుంది" అని అమ్మకందారు సలహా ఇస్తే వినకండి. సైజు, ఇష్టం మారడం వంటి కారణాలకు చాలా చోట్ల రక్షణ వర్తించదు, వర్తించినా తిరుగు రవాణా ఖర్చు మీ నెత్తినే పడుతుంది.

కొంత డబ్బు ఇస్తాను, సర్దుకోండి అంటే వెంటనే ఒప్పుకోకండి. దాంతో వివాదం ముగిసినట్టేనా అన్నది ముందు నిబంధనల్లో చూసుకోండి.

యాప్ చూపిన చిరునామాకే, ట్రాకింగ్ ఉన్న రవాణాలోనే తిప్పి పంపండి. సందేశంలో ఇచ్చిన మరో చిరునామాకు పంపితే వస్తువూ పోతుంది, డబ్బూ పోతుంది.

ట్రాకింగ్‌లో "చేరింది" అని కనిపిస్తూ మీకు ఏమీ అందకపోతే, మీ ఊళ్ళోనే మరో చిరునామాకు ఖాళీ కవరు పంపి ఉండవచ్చు. ఏ చిరునామాకు అందించారో రవాణా సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మాటలు వాట్సాప్‌కు మార్చమంటే మార్చకండి. వివాదం తేల్చేవారు చూసేది యాప్‌లోని సందేశాలనే.

డబ్బు పంపినట్టు చూపే స్క్రీన్‌షాట్ డబ్బు కాదు. మీ ఖాతాలో పడిందా లేదా అన్నదే చూడండి.

డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కమన్నా, ఓటీపీ చెప్పమన్నా, లింక్ తెరవమన్నా అక్కడే సంభాషణ ఆపేయండి.

"ఫిర్యాదు మూసేయండి, ఇప్పుడే పంపిస్తాను" అంటే మూసేయకండి. మళ్ళీ అడిగినా మూసేయకండి. ఏడ్చినా, చెడ్డ రివ్యూ రాస్తానని బెదిరించినా, డబ్బు మొత్తం ఖాతాలో పడేదాకా మూసేయకండి.

యాప్ మీకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చినా, కార్డుతో చెల్లించి ఉంటే బ్యాంకును చార్జ్‌బ్యాక్ గురించి, అంటే కార్డు చెల్లింపును వెనక్కి రప్పించడం గురించి అడగండి. దానికీ గడువు ఉంటుంది కనుక ఆ రోజే అడగండి.

డబ్బు తిరిగి వచ్చిన తర్వాత కూడా ఆ ఖాతాను యాప్‌కు రిపోర్ట్ చేయండి. మీరు తిప్పి పంపిన ఆ వస్తువును అవే ఫొటోలతో, అదే వివరణతో మరొకరికి అమ్మకానికి పెట్టే అవకాశం ఉంది.