మేజోళ్ల ఊలుకు ఇంట్లో రంగు: ఎక్కడ చెడింది, ఎలా సరిచేయాలి

శాలువాకి రంగు సరిగా పట్టకపోయినా చాలాకాలం బయటపడదు. మేజోళ్లకు ఆ వెసులుబాటు లేదు. బూటు లోపల రాపిడి, చెమట, మాటిమాటికీ ఉతుకు. లోపం ఉంటే రెండో ఉతుకుకే తేలిపోతుంది. ఇక్కడ చెప్పేది మేజోళ్లకు ఎక్కువగా వాడే దారం గురించి, అంటే ముప్పావు వంతు ఊలు, పావు వంతు నైలాన్. రంగు యాసిడ్ డై. అది దారాన్ని పట్టుకోవాలంటే పులుపు కావాలి, వేడి కావాలి. చాలా తప్పులు ఈ రెండింటి దగ్గరే జరుగుతాయి.

ఎంత జాడించినా రంగు దిగుతూనే ఉంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. ముందు జాడించడం ఆపండి. పట్టుకోని రంగును నీళ్లతో వదిలించుకుంటూ పోతే మిగిలేది వెలసిన ఊలే. అసలు చూడాల్సింది రంగు గిన్నెలోని నీళ్లను. ఊలు బయటికి తీయకముందే ఒక చెంచా నీళ్లు తెల్ల కప్పులో పోసి చూడండి. దాదాపు తేటగా ఉంటే రంగు దారంలోకి చేరినట్టు. ఇంకా రంగుగా ఉంటే పులుపో వేడో చాలలేదు.

అప్పుడు ఊలును ఓ పక్కకు జరిపి, 100 గ్రాముల ఊలుకు అర టీస్పూను నిమ్మ ఉప్పు (లేదా రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్) నీళ్లలో కలపండి. మెల్లగా 85 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి అరగంట అలాగే ఉంచండి. నీళ్లు తెర్లకూడదు, అంచుల్లో సన్న బుడగలు కనిపిస్తే చాలు. స్టవ్ ఆపాక గిన్నెలోనే చల్లారనివ్వండి. ఈ చల్లారే సమయంలో కూడా రంగు ఎక్కుతూనే ఉంటుంది, తొందరపడి తీసేస్తే ఆ లాభం పోతుంది. మీ నీళ్లు ఉప్పదనం ఉన్న గట్టి నీళ్లైతే పులుపులో కొంత వాటికే ఖర్చవుతుంది. పులుపును కొలిచే పీహెచ్ కాగితం ఉంటే 4, 5 మధ్య చూపిస్తోందో లేదో చూసుకోండి.

ఇంత చేసినా నీళ్లు తేటపడలేదా? రంగు ఎక్కువ వేశారు. 100 గ్రాముల ఊలుకు 1 గ్రాము పొడి వేస్తే మంచి నిండు రంగు వస్తుంది. నలుపుకి మాత్రం 3, 4 గ్రాములు పడుతుంది. దారంలో ఖాళీ నిండాక మిగిలిన రంగుకు చోటు ఉండదు, పైపైన అంటుకుని కూర్చుంటుంది. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లతో దాన్ని కడిగేయడమే మార్గం. టర్కాయిస్ నీలానికి ఓపిక కావాలి, ఇంకో ఇరవై నిమిషాల వేడి అదనంగా ఇవ్వండి.

గిన్నెలో నీళ్లు తేటగా ఉండి, తర్వాత ఉతికినప్పుడు మాత్రం రంగు పోతుంటే సబ్బు పొడిని అనుమానించండి. బట్టల సబ్బు పొళ్లలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది. పులుపు పట్టించిన రంగును క్షారం వదిలిస్తుంది. ఊలు కోసం చేసిన సబ్బు ద్రవంతో చన్నీళ్లలో ఉతకండి.

ఇవేవీ కాకపోతే, అది ఊలేనా అని చూడండి. పత్తికి, యాక్రిలిక్‌కి యాసిడ్ డై పట్టదు. చిన్న పోగు కాల్చితే ఊలు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పత్తి కాగితంలా కాలుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

అల్లుతుంటే వేళ్లకు రంగు

దీనికీ మూలం దారాన్ని పట్టుకోని రంగే. నేను అల్లిన మొదటి నీలం మేజోళ్లు వారం రోజుల పాటు నా పాదాలకు కూడా నీలం పూశాయి, అప్పుడు తెలిసింది. అల్లిక విప్పక్కర్లేదు. ఒకే రంగు మేజోళ్లైతే ముందు చన్నీళ్లలో కడిగి, పైన చెప్పినట్టు పులుపు నీళ్లలో వేడి చేయండి. తెల్ల మడమో తెల్ల చారలో ఉంటే మాత్రం ఆ పని చేయొద్దు. వదులుగా ఉన్న రంగు వేడికి తెల్ల దారంలోకి ఎక్కి అక్కడే స్థిరపడిపోతుంది. అలాంటి వాటిని చన్నీళ్లతో ఓపిగ్గా కడగాలి. అసలు తెలుపుతో కలిపి అల్లబోయే రంగు ఊలును, అల్లకముందే తడి తెల్ల గుడ్డతో తుడిచి పరీక్షించడం మంచి అలవాటు.

ఒకచోట ముదురు, ఒకచోట లేత

పొడి ఊలును నేరుగా రంగులో ముంచితే ఇంతే. సబ్బు చుక్క వేసిన నీళ్లలో అరగంట నానబెట్టాలి. సూపర్‌వాష్ ఊలైతే (మెషీన్‌లో ఉతికినా ముద్దకట్టకుండా శుద్ధి చేసిన ఊలు) రంగును మరీ ఆత్రంగా లాగేసుకుంటుంది, కాబట్టి గోరువెచ్చని నీళ్లలో రంగు కలిపి, ఊలు వేసి, నిదానంగా వేడి పెంచి, పులుపు చివర్లో కొద్దికొద్దిగా కలపండి. చుక్కల్లాంటి ముదురు మచ్చలు కనిపిస్తే పొడి కరగలేదని అర్థం. ముందు కొంచెం వేడినీళ్లతో ముద్దలా కలిపి, పలుచన చేసి, పాత గుడ్డలో వడకట్టాలి. మాస్కు పెట్టుకోకుండా పొడి జోలికి వెళ్లకండి, వంట గిన్నెలు వాడకండి.

పట్టేసిన మచ్చలను వదిలించాలని క్షారాలతో ఉడికిస్తే ఊలే పాడవుతుంది. అదే రంగులో ముదురు ఛాయ మీద నుంచి వేయడం నయం. నిజానికి అల్లి చూడకుండా దిగులు పడకండి. మేజోడు చుట్టు చిన్నది కాబట్టి, చిలపలో (దారపు చుట్టలో) వికారంగా కనిపించిన మచ్చలు అల్లికలో ముచ్చటగా కలిసిపోవడం చాలాసార్లు చూశాను.

కట్టిన చోట తెలుపు

చిలప కట్లు బిగువుగా ఉన్నాయి. నాలుగు చోట్ల, ఎనిమిది అంకె ఆకారంలో, వేలు దూరేంత వదులుగా కట్టండి. తెలుపు నచ్చకపోతే మళ్లీ ఒకసారి ముంచితే సరి.

ఊదా వేస్తే గులాబీ, నీలం విడిపోయాయి

ఊదా, నలుపు పొళ్లు సాధారణంగా రెండు మూడు రంగుల మిశ్రమం. ఒక్కో రంగు ఒక్కో వేగంతో ఊలెక్కుతుంది. పులుపు ముందే ఉంటే త్వరగా పట్టేది ఊలు బయటి పోగుల్లోనే ఆగిపోతుంది. పులుపు ఆఖరున వేసి, వేడి నెమ్మదిగా పెంచితే ఈ గొడవ తగ్గుతుంది. కొందరు కావాలనే ఇలా విడగొడతారు, బాగుంటుంది కూడా.

రెండు మేజోళ్ల రంగు కలవలేదు

రెండు విడతల్లో వేసిన రంగు అచ్చం ఒకేలా రాదు. రెండు మేజోళ్లకూ సరిపడే ఊలుకు ఒకే గిన్నెలో రంగు వేయండి. ఇప్పటికే తేడా వస్తే, రెండు ఉండల నుంచీ రెండేసి వరుసలు మార్చి మార్చి అల్లితే తేడా ఓ పట్టాన కనబడదు.

ఊలు ముద్దకట్టింది

సూపర్‌వాష్ కాని ఊలును వేడిలో కలియబెట్టినా, వేడి నుంచి చన్నీళ్లలోకి ఒక్కసారిగా మార్చినా పోగులు పెనవేసుకుంటాయి. బాగా ముద్దకడితే వెనక్కి రాదు. కొద్దిగా అయితే, తడిగా ఉండగానే చిలపను రెండు చేతుల మధ్య పట్టుకుని పోగులు మెల్లగా విడదీయండి. ఆరాక ఉండ చుట్టేటప్పుడు ఎక్కడ పట్టేస్తే అక్కడ ఆగండి, లాగితే తెగుతుంది.