రాణి అయిన సామాన్యురాలి జీవితం రాయాలంటే

పెళ్లి ఫొటోతో మొదలుపెట్టకండి, అందరూ చేసేది అదే. ముందు ఆవిడ పుట్టింటి సంగతి తేల్చుకోండి.

నార్వే రాణి సోన్యానే తీసుకుందాం. 1937లో ఓస్లోలో పుట్టారు, తండ్రి బట్టల వ్యాపారి. కుట్టుపనిలో డిప్లొమా చేశారు, స్విట్జర్లాండ్‌లో చదివారు, తర్వాత ఓస్లో యూనివర్సిటీలో డిగ్రీ తీసుకున్నారు. ఇంత తెలిశాక కూడా "పేదింటి పిల్ల" అని రాసేవాళ్లుంటారు! జపాన్ మాజీ మహారాణి మిచికో అయితే పెద్ద పిండిమిల్లుల కంపెనీ అధినేత కూతురు. రాజవంశంలో పుట్టకపోవడం వేరు, డబ్బు లేకపోవడం వేరు.

అసలు టైమ్ పెట్టాల్సింది పరిచయానికీ పెళ్లికీ మధ్య కాలం మీద. సోన్యా, అప్పటి యువరాజు హరాల్డ్ 1959లో కలిశారు, పెళ్లి 1968 ఆగస్టు 29న. తొమ్మిదేళ్లు ఎందుకు పట్టిందో వెతికితే రాచరికం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది: హరాల్డ్ ఒక్కడే కొడుకు, అప్పటి చట్టం ప్రకారం ఆడపిల్లలకు సింహాసనం రాదు, అలాంటిది సోన్యాని తప్ప ఎవరినీ చేసుకోనని అతను పట్టుబడితే తండ్రి, రాజు ఐదో ఓలావ్‌కి ఎంత టెన్షనో ఊహించుకోండి. ఆయన ప్రభుత్వాన్నీ, పార్లమెంటు నేతలనూ సంప్రదించాకే ఒప్పుకున్నారు. ఈ భాగానికి ఒక పేరా చాలదు.

తేదీల కోసం రాజభవనం వాళ్ల అధికారిక పరిచయం చూడండి, కానీ చేదు విషయాలు అందులో పలచగా ఉంటాయి కాబట్టి ఆ కాలపు పత్రికలూ తిరగేయండి. చీరలు, గౌన్లు, కిరీటాల వర్ణన రెండు వాక్యాల్లో ముగించేయండి. 1991లో రాణి అయ్యాక ఆవిడ ఏ పనులు చేశారో దానికి చోటు మిగల్చండి.