చలికాలం చివర్లో ఇథకా వెళ్తున్నారా? మంచులో మూడు రోజులు ఇలా గడపండి

పేరుకు న్యూయార్క్ రాష్ట్రమే అయినా, ఇథకా న్యూయార్క్ నగరానికి బస్సులో నాలుగైదు గంటల దూరం. కయూగా సరస్సు దక్షిణపు కొసన పల్లంలో చిన్న ఊరు. ఒక కొండ మీద కార్నెల్ యూనివర్సిటీ, మరో కొండ మీద ఇథకా కాలేజీ. పిల్లలు అక్కడ చదువుతుంటే తల్లిదండ్రులు సాధారణంగా మే చివర్లో కాన్వొకేషన్‌కి బయల్దేరతారు. అప్పుడు హోటల్లో గది దొరకడమే గగనం. నన్నడిగితే ఫిబ్రవరి చివరో, మార్చి మొదట్లోనో వెళ్ళడమే మేలు. గదులు తేలిగ్గా దొరుకుతాయి, పిల్లలు మామూలు రోజుల్లో ఎలా బతుకుతున్నారో కళ్ళారా చూడొచ్చు. కాకపోతే ఆ నెలల్లో ఊరు చుట్టాల కోసం ముస్తాబై ఉండదు. వాగుల పక్క దారులకు గేట్లు వేసి ఉంటాయి, నడిచే బాటలు జారుతుంటాయి. మా అక్క కూతుర్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను కొన్ని అడిగి తెలుసుకున్నాను, కొన్ని జారిపడి తెలుసుకున్నాను.

1. టికెట్ కన్నా ముందు పరీక్షల తేదీలు చూడండి

కార్నెల్‌లో సెమిస్టర్ మధ్యలో వచ్చే పరీక్షల్ని ప్రిలిమ్స్ అంటారు. ఇవి ఫిబ్రవరి నుంచే మొదలవుతాయి, ఎక్కువగా మంగళ, గురువారాల్లో రాత్రి ఏడున్నరకు పెడతారు. ఆ సంగతి తెలియక మీరు మంగళవారం రాత్రి భోజనానికి హోటల్లో టేబుల్ బుక్ చేశారనుకోండి, పిల్ల మొహమాటానికి వచ్చి కూర్చుంటుంది గానీ మనసంతా పరీక్ష మీదే ఉంటుంది. అందుకే ముందు తననే అడగండి: "ఏ వారం నీకు ఖాళీ?" గురువారం రాత్రికి చేరి ఆదివారం తిరిగి రావడం అందరికీ వీలుగా ఉంటుంది.

ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజుల చిన్న సెలవు, మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వారం రోజుల స్ప్రింగ్ బ్రేక్ వస్తాయి. ఆ రోజుల్లో క్యాంపస్ బోసిపోతుంది, బస్సులు కూడా తగ్గుతాయి. స్ప్రింగ్ బ్రేక్‌కి ముందు శుక్రవారం మాత్రం వదులుకోవద్దు. ఆ రోజు డ్రాగన్ డే. ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం పిల్లలు తామే కట్టిన పెద్ద డ్రాగన్‌ను క్యాంపస్ అంతా ఊరేగిస్తారు. ఇంజనీరింగ్ వాళ్ళు పోటీగా ఫీనిక్స్ పక్షిని తెస్తారు. నూరేళ్ళకు పైబడిన వేడుక ఇది.

ఇంకో చిన్న సంగతి. మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండింటికి అక్కడి గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. ఫోన్ దానంతటదే మారుతుంది, చేతి గడియారం మారదు. ఆ ఉదయమే తిరుగు బస్సు ఉంటే రాత్రే సర్దుకోండి.

2. దారి ఎంచుకోండి

ఇథకాకు రైలు లేదు. ఊళ్ళో చిన్న విమానాశ్రయం ఉంది గానీ విమానాలు తక్కువ. మంచు పడి ఒకటి రద్దయితే తర్వాతిది ఎప్పుడో చెప్పలేం. సిరక్యూజ్‌లో దిగి కారులో గంటకు పైగా ప్రయాణించడం ఒక దారి. న్యూయార్క్ నుంచి బస్సు ఇంకో దారి, నా ఓటు దానికే. మంచు రోడ్ల మీద నడపడం అలవాటు లేనివాళ్ళు కారు అద్దెకు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. "అన్నిటికీ సరిగ్గా మధ్యలో, అన్నిటికీ దూరంగా" అని ఆ ఊరివాళ్ళే తమ ఊరి మీద జోకు వేసుకుంటారు. వచ్చే రోజూ పోయే రోజూ ఇంకే పనీ పెట్టుకోకండి.

3. కోటు కన్నా ముందు బూట్లు కొనండి

మనవాళ్ళు చలి అనగానే మంకీ క్యాప్, స్వెట్టర్ల గురించే టెన్షన్ పడతారు. నిజానికి ఆ నెలల్లో ఇబ్బంది పెట్టేది చలి కన్నా నేల. పగలు సున్నా డిగ్రీలు దాటగానే మంచు కరిగి బాట మీద నీళ్ళు పారతాయి. రాత్రికి అవే గడ్డకడతాయి. పొద్దున చూస్తే తడి నేల లాగే ఉంటుంది, కాలు పెడితే గాజు. దీన్నే బ్లాక్ ఐస్ అంటారు. కొత్తగా పడిన తెల్లటి మంచు మీద నడవడం దీనికన్నా ఎంతో సులువు.

నీళ్ళు పీల్చని, చీలమండ దాకా వచ్చే, అడుగున లోతైన గాళ్ళున్న బూట్లు కావాలి. స్పోర్ట్స్ షూస్ పనికిరావు. పెద్దవాళ్ళు వస్తుంటే బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్ళ పట్టీలు కూడా తీసుకోండి, లోపలికి వెళ్ళేటప్పుడు విప్పేయాలి. నడక కూడా మార్చుకోవాలి. చిన్న అడుగులు వేస్తూ, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. నేను జేబుల్లో చేతులు పెట్టుకుని, తల పైకెత్తి గంటల గోపురం చూస్తూ నడిచాను. తర్వాత రెండు రోజులు కుర్చీలో ఒక పక్కకే కూర్చున్నాను.

బట్టల సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఒకటే లావు కోటు కాకుండా పొరలు పొరలుగా వేసుకోండి, ఒంటికి ఆనుకుని కాటన్ వద్దు. చెమటకు తడిస్తే కాటన్ ఆరదు, చలి ఎముకల్లోకి దిగుతుంది. హీటర్ల వల్ల లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి లోషన్, పెదవులకు వాసెలిన్ దగ్గర ఉంచుకోండి.

4. కొండ ఎక్కే పని తప్పించుకోండి

ఊరి నుంచి క్యాంపస్‌కి వంద మీటర్లకు పైగా ఎత్తు ఎక్కాలి. క్యాంపస్‌లోనే హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ నడిపే స్టాట్లర్ హోటల్ ఉంది. ఖర్చు ఎక్కువే, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అదే మంచిది. మిగతావాళ్ళు కింద ఊళ్ళో కామన్స్ దగ్గర ఉండొచ్చు. కార్లు రాకుండా, నడిచేవాళ్ళ కోసమే కట్టిన వీధి అది. టీక్యాట్ అనే సిటీ బస్సులో పైకి వెళ్ళండి, రోడ్డు ఆరి ఉంటే దిగేటప్పుడు నడవండి. మ్యాప్ చూసి కాస్కడిల్లా వాగు పక్క దారి దగ్గరి దారి అనుకోవద్దు. చలికాలంలో దాన్ని మూసేస్తారు. నేను గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

5. జలపాతాలు చూడండి, కానీ ఇవి మాత్రమే

ట్రీమన్, బటర్‌మిల్క్ పార్కుల్లో లోయలోకి దిగే దారులు నవంబర్ నుంచి మే దాకా మూతే. రాళ్ళ మీద మంచు పేరుకోవడం ఒక కారణం. మంచు కరిగేటప్పుడు పై నుంచి రాళ్ళు రాలడం అసలు కారణం. గేటు దూకి వెళ్ళిన కుర్రాళ్ళ అడుగుజాడలు కనిపిస్తాయి. వాటి వెంట మాత్రం వెళ్ళకండి.

అయినా నిరాశ పడక్కర్లేదు. బటర్‌మిల్క్ కింది జలపాతం పార్కింగ్ దగ్గర నుంచే కనిపిస్తుంది. పేరుకు మజ్జిగే గానీ, గడ్డకట్టినప్పుడు అచ్చం గట్టి పెరుగులా ఉంటుంది. ఊరికి ఉత్తరాన సరస్సు పక్క రోడ్డు మీద ఉన్న టగానక్ జలపాతాన్ని మాత్రం ఎలాగైనా చూడాలి. నీళ్ళు 215 అడుగులు ఒక్క దూకున కిందికి పడతాయి. నయాగరా కన్నా ఎత్తు ఇది. కారులో వెళ్తే పైన వ్యూ పాయింట్ నుంచి చూడొచ్చు. కింది నుంచి దాదాపు 1.2 కిలోమీటర్ల చదునైన దారి ఉంది, తెరిచి ఉందో లేదో బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎగిరిపడే తుంపర గడ్డకట్టి జలపాతం అడుగున తెల్లటి మంచు దిబ్బ లేస్తుంది. వేసవిలో వచ్చినవాళ్ళకు ఇది దొరకదు.

6. ఎండ లేని రోజుకు లోపలి చోట్లు

క్యాంపస్‌లో ఐ. ఎం. పేయ్ డిజైన్ చేసిన జాన్సన్ ఆర్ట్ మ్యూజియం 1973లో తెరిచారు. టికెట్ లేదు, సోమవారం సెలవు. బొమ్మల మీద ఆసక్తి లేకపోయినా లిఫ్ట్‌లో ఐదో అంతస్తుకు వెళ్ళండి. సరస్సు, కొండలు, ఊరు మొత్తం కిటికీలోంచి కనిపిస్తాయి. మెక్‌గ్రా గోపురంలోని 21 గంటల మీద విద్యార్థులే పాటలు వాయిస్తారు. పైకి 161 మెట్లు, ఎక్కనిస్తున్నారో లేదో ముందు కనుక్కోండి. శాప్‌సకర్ వుడ్స్‌లో కార్నెల్ వాళ్ళ పక్షుల పరిశోధన కేంద్రం ఉంది. దానికీ టికెట్ లేదు. పెద్ద అద్దాల వెనక వెచ్చగా కూర్చుని గింజలకు వచ్చే పిట్టల్ని చూడొచ్చు. శనివారం పొద్దున ఒక్క గంట అనుకుని వెళ్ళాం, మధ్యాహ్నం దాకా కదల్లేదు.

సరస్సు ఒడ్డున వారాంతపు రైతుబజారు గురించి ఎవరైనా చెబితే ఏప్రిల్ దాకా ఆగమనండి.

7. కాస్త ఎండ వస్తే గ్రహాల వెంట నడవండి

కార్నెల్‌లో పాఠాలు చెప్పిన ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్ జ్ఞాపకార్థం 1997లో సౌరకుటుంబాన్ని 500 కోట్ల వంతు చిన్నది చేసి ఊళ్ళో రాతి స్తంభాలుగా నిలబెట్టారు. సూర్యుడు కామన్స్‌లో, ప్లూటో 1.2 కిలోమీటర్ల అవతల సైన్స్‌సెంటర్ దగ్గర. భూమి దాకా ముప్పై మీటర్లే, అంగారకుడి దాకా నలభై అయిదు. చలి తట్టుకోలేకపోతే అంగారకుడి దగ్గరే ఆగి కాఫీకి వెళ్ళిపోవచ్చు. ఇదే కొలతలో మన పక్క నక్షత్రం ఆల్ఫా సెంటారీ హవాయి దీవుల్లో ఉంది, అక్కడా ఒక స్తంభం పెట్టారు.

8. బిల్లు, తిరుగు ప్రయాణం

మెనూలో రాసిన ధర మీద 8 శాతం పన్ను పడుతుంది. కూర్చుని తినే చోట టిప్ 18 నుంచి 20 శాతం ఇవ్వడం అక్కడి పద్ధతి. ఆదివారం బయల్దేరే ముందు ఆ ముళ్ళ పట్టీలు పిల్ల దగ్గరే వదిలేసి రండి. తను కొనుక్కోదు, ఏప్రిల్‌లో కూడా ఒకటి రెండు సార్లు మంచు పడుతుంది.