చైన్ మీద చెయ్యి వేసే ముందు

మన నల్లగొండ, పాలమూరు నుంచి ఆర్మీకి వెళ్లి ట్యాంకుల మెయింటెనెన్స్‌లో పడ్డ తమ్ముళ్ల కోసం, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప లింకుల చైన్ పని గురించి రాస్తున్నా. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 (సైనికులను మోసే చైన్ బండి) దాదాపు 14 టన్నులు, టీ-72 ట్యాంకు అయితే 40 పైనే, అందుకే గట్టి చదును నేల మీదే ఆపండి. ఇంజన్ బంద్, బ్రేక్ వేసి ఉండాలి, డ్రైవర్ సీట్లో ఎవరూ ఉండొద్దు.

ఉంగరం, వాచీ తీసేయండి. సుత్తి దెబ్బకు ఇనుప పెచ్చులు ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. లింకుల్లో పిన్ను దూర్చే రంధ్రాలు కలిశాయా అని వేలు పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానుకోండి, లింకు కాస్త జారినా వేలు తెగిపోతుంది, రాడ్‌తో చూడండి.

నల్లరేగడి లాంటి మట్టి చక్రాల మధ్య ఎండితే రాయిలా బిగుస్తుంది, అది గీకేశాకే చైన్ బిగువు చూడాలి. మరీ బిగిస్తే పిన్నులు అరుగుతాయి, వదులైతే మలుపులో చైన్ ఊడుతుంది. రబ్బరు మీద డీజిల్, గ్రీజు ఉంచొద్దు.

ఊళ్లో ఇటాచి (మట్టి తవ్వే చైన్ మిషన్) నడిపే అన్నలూ, చైన్ వదులు చేసేటప్పుడు దాని బిగువు పట్టే గ్రీజు వాల్వ్ ఎదురుగా నిలబడొద్దు, మెల్లగా తిప్పండి. లోపలున్న ఒత్తిడికి గ్రీజు ఎగజిమ్మి చర్మంలోకి దూరుతుంది, నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.